మూడు టీవీలు, ఒకే ఇంటర్నెట్: గది గదికీ తీగ వేయాలా, వైఫైకే వదిలేయాలా?

పై అంతస్తు వేసినప్పుడో, అమ్మానాన్నల గదిలో రెండో టీవీ పెట్టాలనుకున్నప్పుడో ఈ చర్చ మొదలవుతుంది. హాల్లో అంతా బాగానే వస్తుంది. పై గదిలో సినిమా పెడితే మధ్యలో ఆగి చక్రం తిరుగుతూ ఉంటుంది. సలహా అడిగితే దుకాణంలో ఒకరు రిపీటర్ అంటారు, మరొకరు మెష్ అంటారు. కేబుల్ ఆపరేటర్ ఇంకో బాక్సు పెట్టుకోమంటాడు. ఇంటర్నెట్ కంపెనీ పెద్ద ప్లానుకు మారమంటుంది. ఎవరి దగ్గర ఉన్న సరుకును వారు పరిష్కారంగా చూపిస్తారు కాబట్టి, నలుగురినీ అడిగినవారికి చివరికి మిగిలేది అయోమయమే.

నిజానికి ఇక్కడ రెండు ప్రశ్నలు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. కార్యక్రమాలు ఇంట్లోకి ఏ దారిన రావాలి? కేబులా, డిష్షా, ఫైబరా, ఓటీటీయా? ఇది మొదటిది. ఇంట్లోకి వచ్చినదాన్ని ప్రతి గదికీ ఎలా చేర్చాలి? ఇది రెండోది. ఈ రెండింటినీ విడదీసి చూస్తే సగం గందరగోళం పోతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కదలని వస్తువుకు తీగ, కదిలే వస్తువుకు వైఫై. గోడకు బిగించిన టీవీ ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. దానికి గాలిలో సిగ్నల్ అందించాలని తంటాలు పడటం కంటే ఒక వైరు వేయడమే మంచిది. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లకు వైఫై. అయితే వైరు వేసే వీలు అన్ని ఇళ్లలోనూ ఉండదు. వీలు లేనప్పుడు ఏం చేయాలన్నదే అసలు చిక్కు.

## ఏది కొనాలన్నా ముందు చూసుకోవలసినవి

గోడలు, స్లాబు. వైఫై పరికరాల అట్టపెట్టెల మీద ఇన్ని వేల చదరపు అడుగులకు సరిపోతుందని రాసి ఉంటుంది. మధ్యలో గోడల్లేని చోటికైతే ఆ లెక్క కొంతవరకు నిజం. మన ఇళ్లలో బయటి గోడ తొమ్మిది అంగుళాల ఇటుక, లోపలి గోడ నాలుగున్నర అంగుళాలు, పైన ఇనుప చువ్వలు అల్లి పోసిన కాంక్రీటు స్లాబు. పాత ఇళ్లలోనైతే అంతకు రెట్టింపు మందం ఉన్న రాతి గోడలు కనిపిస్తాయి. రూటర్ రెండు రకాల తరంగాలను పంపుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం నెమ్మదైనది, కానీ గోడలను కాస్త దాటుతుంది. 5 గిగాహెర్ట్జ్ తరంగం వేగమైనది, కానీ ఒకటి రెండు గోడలకే నీరసిస్తుంది. ఒక స్లాబు, ఒక గోడ రెండూ అడ్డొస్తే 5 గిగాహెర్ట్జ్ మీద ఆశ వదులుకోవడమే మంచిది. ఇనుప బీరువా, పెద్ద అద్దం, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు కూడా సిగ్నల్‌ను ఆపుతాయి.

హైదరాబాద్‌లో ఈమధ్య కడుతున్న ఎత్తైన అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కు ఉంది. మైవాన్ పద్ధతిలో కట్టే భవనాల్లో ఇటుక గోడ అనేది దాదాపు ఉండదు. అల్యూమినియం ఫ్రేములు బిగించి, గోడలనూ స్లాబునూ కలిపి కాంక్రీటుతోనే పోస్తారు. గదికీ గదికీ మధ్య కూడా ఇనుము ఉన్న కాంక్రీటే. అక్కడ రెండు పడకగదుల ఫ్లాటులో కూడా ఒక్క రూటర్ చాలకపోవచ్చు. పైగా ఆ గోడలు భవనం బరువు మోసేవి కాబట్టి వైరు కోసం వాటికి గాడి కొట్టకూడదు.

అందుకే కొనడానికి ముందు కొలవండి. ఆండ్రాయిడ్ ఫోనులో వైఫై బలాన్ని చూపే ఉచిత యాప్ ఏదైనా వేసుకుని, టీవీ పెట్టే చోట గోడ దగ్గరే ఫోను పట్టుకుని నిలబడండి. గది మధ్యలో కొలిస్తే లాభం లేదు. అంకె మైనస్ డీబీఎంలలో (సిగ్నల్ బలానికి కొలత) వస్తుంది, సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 50 అంటే చాలా బాగుంది. మైనస్ 67 వరకు వీడియోకు ఇబ్బంది లేదు. మైనస్ 75 దాటితే ప్లాను ఎంత పెద్దదైనా సినిమా ఆగుతుంది. గది తలుపు వేసి మరోసారి చూడండి, రాత్రి చూసేటప్పుడు తలుపు వేసే ఉంటుంది కదా.

ఒకేసారి ఎంతమంది, ఏం చూస్తారు. నెట్‌ఫ్లిక్స్ సూచన ప్రకారం 1080పీ నాణ్యతకు 5 ఎంబీపీఎస్ (ఇంటర్నెట్ వేగానికి కొలత), అంతకంటే స్పష్టమైన 4కే నాణ్యతకు 15 ఎంబీపీఎస్ చాలు. మూడు టీవీల్లో ఒకేసారి 4కే పెట్టినా 45 ఎంబీపీఎస్. ఫోన్లు, ఆఫీసు పని కలిపినా 100 ఎంబీపీఎస్ ప్లాను మామూలు కుటుంబానికి ధారాళం. పై గదిలో సినిమా ఆగుతోందని 300 ఎంబీపీఎస్ ప్లానుకు మారేవారు చాలామంది ఉన్నారు. ఆ డబ్బు వృథా. అడ్డంకి ఇంటి బయట లేదు, ఇంటి లోపల ఉంది.

నెలనెలా కట్టేది. రూటర్ ఒకసారి కొంటాం. రెండో బాక్సు అద్దె, మూడో బాక్సు ప్యాకు ఏళ్ల తరబడి కడతాం. ఈ రెండు ఖర్చులనూ కనీసం మూడేళ్లకు లెక్కగట్టి పోల్చాలి.

కరెంటు పోతే. ఇన్వర్టర్ లైను మీద ఏ ప్లగ్గు ఉందో, ఏది లేదో ముందే తెలుసుకోండి. మూడు చోట్ల మూడు పరికరాలు పెట్టే పద్ధతిలో ఒక్కదానికి కరెంటు లేకపోయినా ఆ వైపు గదులన్నీ ఆగిపోతాయి.

రిమోట్ ఎవరి చేతిలో. డెబ్బై ఏళ్ల అమ్మమ్మకు అంకె నొక్కితే భక్తి ఛానల్ రావాలి. యాప్ తెరిచి, ప్రొఫైల్ ఎంచుకుని, వెతికి పెట్టుకోవాలంటే ఆమె టీవీ చూడటమే మానేస్తుంది. పోలికల్లో చాలామంది దీన్ని వదిలేస్తారు. నా లెక్కలో ఇది వేగం కంటే ముఖ్యం.

## గది గదికీ ఇంటర్నెట్: ఐదు దారులు

| దారి | పని తీరు | గోడలు కొట్టాలా | ఎవరికి సరిపోతుంది |
|---|---|---|---|
| రిపీటర్ | చౌక, వేగం సగానికి పడిపోతుంది | అక్కర్లేదు | ఒక్క గదికి, ఫోన్ల వరకు |
| మెష్ | బాగుంటుంది, పెట్టే చోటును బట్టి | అక్కర్లేదు | అద్దె ఇల్లు, పూర్తయిన ఇల్లు |
| ల్యాన్ వైరు (ఇంటర్నెట్ తీగ) | అన్నిటికంటే నిలకడ | పైపు లేకపోతే కొట్టాలి | సొంత ఇల్లు, కొత్త ఇల్లు |
| కరెంటు తీగల ద్వారా | ఇంటింటికీ మారుతుంది | అక్కర్లేదు | ఒకే మీటరు, ఒకే ఫేజు ఉన్న చోట |
| పాత కేబుల్ వైరు ద్వారా | వేగం ఎక్కువే, పరికరాలు దొరకడం కష్టం | అక్కర్లేదు | మన దగ్గర చాలా కొద్దిమందికి |

రిపీటర్. చౌకగా వస్తుంది, ప్లగ్గులో పెడితే చాలు. మామూలు రిపీటర్ ఒకే రేడియోతో వింటూ, అదే రేడియోతో తిరిగి పంపుతుంది కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది. చాలామంది దాన్ని సిగ్నల్ లేని గదిలోనే పెడతారు. అక్కడ దానికే సరిగా అందనప్పుడు అది ముందుకు పంపేదేముంటుంది? రూటర్‌కూ ఆ గదికీ సగం దూరంలో పెట్టాలి. టీవీ కోసమైతే దీన్ని నేను సిఫారసు చేయను.

మెష్. రెండు లేదా మూడు పరికరాల సెట్టు. అన్నీ ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డుతో పనిచేస్తాయి. ఫోను పట్టుకుని మెట్లెక్కితే దగ్గరున్న దానికి అదే మారుతుంది. కొనేటప్పుడు చూడవలసింది ఒక్కటే, ఈ పరికరాలు తమలో తాము ఎలా మాట్లాడుకుంటాయన్నది. రెండు బ్యాండ్ల మెష్‌లో మీ ఫోను వాడే తరంగం మీదే అవి కూడా మాట్లాడుకుంటాయి, కాబట్టి దూరం పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది. మూడు బ్యాండ్ల మెష్‌లో ఆ పనికి వేరే దారి కేటాయించి ఉంటుంది. ధర ఎక్కువ. వీటన్నిటికంటే మంచి మార్గం, కింద ఒకటి, పైన ఒకటి పెట్టి ఆ రెంటి మధ్య ఒక్క ల్యాన్ వైరు లాగడం. అప్పుడు చౌక మెష్ కూడా ఖరీదైనదానిలా పనిచేస్తుంది.

పెట్టే చోటు కూడా ముఖ్యం. మన డాబా ఇళ్లలో స్లాబు లేని ఖాళీ ఒకటే, అది మెట్ల దారి. కింది పరికరాన్ని మెట్ల మొదట్లో, పైదాన్ని మెట్ల చివర్లో పెడితే సిగ్నల్ స్లాబును చీల్చుకుని వెళ్లనవసరం లేదు. టీవీ వెనక, బీరువా పైన, అటక మీద సామాన్ల మధ్య పెట్టకండి. మెష్ పరికరం వెనక ల్యాన్ పోర్టు ఉందో లేదో కూడా చూసి కొనండి. ఉంటే పక్కనే ఉన్న టీవీకి చిన్న వైరు కలపవచ్చు.

ల్యాన్ వైరు. నా ఓటు దీనికే, కాబట్టి కాస్త విపులంగా చెబుతాను. క్యాట్ 6 వైరు 100 మీటర్ల వరకు గిగాబిట్ వేగాన్ని మోస్తుంది. ఏ ఇంట్లోనూ అంత దూరం ఉండదు. మధ్యలో ఎన్ని గోడలున్నా, పక్కింటి వైఫైలు ఎన్ని ఉన్నా దానికి సంబంధం లేదు. ఇంటర్నెట్ పెట్టె దగ్గర ఎనిమిది పోర్టుల గిగాబిట్ స్విచ్ (ఒక ఇంటర్నెట్ లైనును చాలా వైర్లకు పంచే చిన్న పెట్టె) ఒకటి పెట్టి, అక్కడి నుంచి ప్రతి టీవీ వెనక్కీ ఒక వైరు లాగాలి. ఒక గది నుంచి ఇంకో గదికి గొలుసులా కలపకూడదు, ప్రతి వైరూ స్విచ్ దగ్గరికే రావాలి.

చాలా స్మార్ట్ టీవీల్లో ల్యాన్ పోర్టు వేగం 100 ఎంబీపీఎస్ మాత్రమే. వేగం కొలిచే యాప్‌లో వైఫై 200 చూపించి, వైరు 94 చూపిస్తే కొందరు వైరు తీసేస్తారు. తీయకండి. 4కే సినిమాకు కావలసింది 15. ఆ పదిహేను రెండున్నర గంటలూ తెగకుండా రావడం ముఖ్యం. ఆ నిలకడ వైరుకే ఉంది.

వైరు కొనేటప్పుడు స్వచ్ఛమైన రాగి వైరునే అడగండి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన వైరు సగం ధరకు వస్తుంది. చూడటానికి తేడా తెలియదు. ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే అది అల్యూమినియం. అది వంచితే విరుగుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ కనెక్టర్ దగ్గర వదులవుతుంది. గోడలోకి వెళ్లే వైరు విషయంలో ఆ పొదుపు వద్దు.

కనెక్టర్లు బిగించాక పని చూసుకునే పద్ధతి ఒకటుంది. ఎలక్ట్రీషియన్ దగ్గర చిన్న టెస్టర్ ఉంటుంది, రెండు ముక్కలుగా విడిపోతుంది. ఒక ముక్కను వైరుకు ఈ చివర, రెండోదాన్ని ఆ చివర పెడితే ఒకటి నుంచి ఎనిమిది వరకు లైట్లు వరుసగా వెలగాలి. 1, 2, 3, 6 మాత్రమే వెలిగితే వైరు 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది. ఇంటర్నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఆ లోపాన్ని చాలాకాలం ఎవరూ గుర్తించరు. ఎలక్ట్రీషియన్ వెళ్లిపోయేలోగా ప్రతి వైరుకూ ఎనిమిది లైట్లూ మీ కళ్లతో చూడండి.

గోడలో పైపులు ఉన్న ఇంట్లో ముందుగా టీవీ పాయింటు మూత విప్పి చూడండి. చాలా ఇళ్లలో కేబుల్ కోసం వేసిన పైపు హాలు నుంచో, మేడ పై నుంచో వస్తుంది. అందులో పాత కేబుల్ వైరు ఉంటే, దాని చివరకు కొత్త ల్యాన్ వైరును టేపుతో చుట్టి, అవతలి నుంచి లాగితే పాతది బయటికి, కొత్తది లోపలికి వస్తాయి. మలుపుల దగ్గర పట్టేస్తే బలంగా గుంజకండి, వైరు లోపలి పోగులు సాగిపోతాయి. ఒకరు ఇవతల నుంచి తోస్తూ ఉంటే అవతల ఇంకొకరు మెల్లగా లాగాలి. కరెంటు తీగలున్న పైపులో మాత్రం ల్యాన్ వైరు వేయవద్దు. సిగ్నల్ పాడవుతుందన్నది ఒక కారణం. ఎప్పుడైనా తీగ పొర కాలితే టీవీలోకి, రూటర్‌లోకి 230 వోల్టులు వచ్చే ప్రమాదం అంతకంటే పెద్ద కారణం.

పైపు లేకపోతే గోడ కొట్టడం ఒక్కటే దారి కాదు. పైకప్పు అంచు వెంబడి తెల్లటి ప్లాస్టిక్ పట్టీ బిగించి అందులో వైరు నడిపించవచ్చు. కొద్దిగా కనిపిస్తుంది, నిజమే. బయటి గోడ మీదుగా తీసుకెళ్లాల్సి వస్తే ఎండకు తట్టుకునే నల్ల తొడుగు వైరు వాడండి, మామూలుది కొన్ని వేసవులకే పగులుతుంది. పిడుగుల భయం ఉన్న చోట, ముఖ్యంగా ఒక కట్టడం నుంచి పక్క కట్టడానికి ఆరుబయట తీసుకెళ్లాలంటే, రాగి వైరు వద్దు, ఫైబర్ వేయించండి. ఫైబర్ గాజుతో చేసినది కాబట్టి దాని గుండా విద్యుత్తు ప్రవహించదు.

కరెంటు తీగల ద్వారా. పవర్‌లైన్ అడాప్టర్లు రెండు వస్తాయి. ఒకటి రూటర్ దగ్గర ప్లగ్గులో, ఇంకోటి టీవీ దగ్గర ప్లగ్గులో. ఇంటి కరెంటు తీగలే ల్యాన్ వైరులా పనిచేస్తాయి. వినడానికి చక్కగా ఉన్నా మన ఇళ్లలో దీనికి అడ్డంకులు చాలా ఉన్నాయి. మూడు ఫేజుల కనెక్షన్‌లో కింది అంతస్తు ఒక ఫేజు మీద, పై అంతస్తు ఇంకో ఫేజు మీద ఉంటే సిగ్నల్ సరిగా దాటదు. రెండు మీటర్ల ఇంట్లో అసలు ఆశ పెట్టుకోవద్దు. ఇన్వర్టర్ ఉన్న లైనుకు, లేని లైనుకు మధ్య కూడా తేడా వస్తుంది. తిరిగి ఇచ్చే వీలుంటేనే కొని పరీక్షించండి.

పాత కేబుల్ వైరు ద్వారా. మోకా అనే పద్ధతిలో టీవీ కేబుల్ వైరు మీదే ఇంటర్నెట్ పంపవచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది మంచి మార్గం. అక్కడి ఇళ్లలో చాలా గదులకు ఆ వైరు ముందే వేసి ఉంటుంది, పరికరాలూ సులభంగా దొరుకుతాయి. మన దగ్గర డిష్ ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు. డిష్ నుంచి బాక్సుకు వచ్చే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది, మోకా కూడా అదే ప్రాంతాన్ని వాడుకుంటుంది. ఒకే వైరులో రెండూ కుదరవు. అక్కడి నుంచి పిల్లలు పంపే మెష్ సెట్ల గురించి కూడా ఒక మాట. చెక్క, జిప్సం పలకల గోడలున్న ఇంట్లో రెండు పరికరాలతో సరిపోయిందంటే, ఇక్కడి ఇటుక గోడల ఇంట్లో మూడు కావలసి రావచ్చు.

## టీవీ కార్యక్రమాలు ఎక్కడి నుంచి రావాలి

| మార్గం | రెండో టీవీకి ఏం కావాలి | వానలో | పెద్దవాళ్లకు |
|---|---|---|---|
| కేబుల్ | స్ప్లిట్టర్, ఇంకో బాక్సు, ఇంకో ప్యాకు | ఇబ్బంది తక్కువ | సులభం |
| డిష్ | డిష్ నుంచి విడిగా ఇంకో వైరు, ఇంకో బాక్సు | జోరువానలో ఆగుతుంది | సులభం |
| ఫైబర్ టీవీ | ఇంకో బాక్సు, ల్యాన్ వైరు | ఇబ్బంది లేదు | సులభం |
| ఓటీటీ | స్మార్ట్ టీవీ లేదా స్టిక్ (టీవీ వెనక గుచ్చే చిన్న పరికరం) | ఇబ్బంది లేదు | అలవాటు కావాలి |

కేబుల్. కేబుల్ డిజిటల్ కాకముందు ఒకే వైరును చీల్చి ఎన్ని గదులకైనా ఇచ్చేవాళ్లం, అన్ని టీవీల్లోనూ ఛానళ్లు వచ్చేవి. 2017 నాటికి దేశమంతా డిజిటల్‌కు మారింది. ఇప్పుడు వైరును చీల్చవచ్చు కానీ, సిగ్నల్‌కు తాళం ఉంటుంది కాబట్టి ప్రతి టీవీకీ సొంత బాక్సు కావాలి. చీల్చేకొద్దీ బలం తగ్గుతుంది. రెండుగా చీల్చే స్ప్లిట్టర్ సుమారు మూడున్నర డెసిబెల్స్, నాలుగుగా చీల్చేది సుమారు ఏడు డెసిబెల్స్ తినేస్తుంది. రెండు టీవీలే ఉంటే నాలుగు దారుల స్ప్లిట్టర్ పెట్టించకండి.

ఖర్చు దగ్గరికొస్తే, టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019లో తెచ్చిన విధానంలో నెట్‌వర్క్ రుసుముకు (ఛానళ్ల ధర కాక కనెక్షన్‌కు నెలనెలా కట్టేది) 130 రూపాయల గరిష్ఠ పరిమితి ఉండేది, పన్ను అదనం. 2024 జులైలో ఆ పరిమితి తీసేశారు. రెండో బాక్సుకు నెట్‌వర్క్ రుసుము ఎంత, ఛానళ్లకు ఎంత అని ఆపరేటర్‌ను విడివిడిగా అడిగి రాయించుకోండి. అమ్మమ్మ గదికి హాల్లో ఉన్న ప్యాకే అక్కర్లేదు. నాలుగు తెలుగు ఛానళ్లు, రెండు భక్తి ఛానళ్లు ఉన్న చిన్న ప్యాకు చాలు.

డిష్. ఇక్కడ చాలామందికి తెలియని విషయం, కేబుల్ వైరును చీల్చినట్టు డిష్ వైరును చీల్చలేం. డిష్ ముందు ఉండి సిగ్నల్ అందుకునే చిన్న పరికరమైన ఎల్‌ఎన్‌బీకి బాక్సు వైరు ద్వారానే ఆదేశం పంపుతుంది. కొన్ని ఛానళ్లకు 13 వోల్టులు, మరికొన్నిటికి 18 వోల్టులు. ఒకే వైరుకు రెండు బాక్సులు తగిలిస్తే, ఒకటి 13 అడుగుతూ ఇంకోటి 18 అడిగినప్పుడు రెండింట్లో ఒకదానికి ఛానల్ పోతుంది. అందుకే రెండు దారుల ఎల్‌ఎన్‌బీ లేదా నాలుగు దారుల ఎల్‌ఎన్‌బీ పెట్టించి, ప్రతి బాక్సుకూ డిష్ నుంచి విడిగా ఆర్‌జీ 6 వైరు (డిష్‌కు వాడే కేబుల్ వైరు) తీసుకురావాలి. మేడ మీద నుంచి మూడు గదులకు మూడు వైర్లు రావాలంటే ఆ పైపులో చోటుందో లేదో ముందే చూడండి. వేసవిలో ఈదురుగాలులు, ఉరుములు మొదలవగానే బాక్సు వెనక ఉన్న డిష్ వైరును, కరెంటు ప్లగ్గును రెండింటినీ తీసేయడం మంచి అలవాటు.

నెలవారీ ఖర్చే వద్దనుకునేవారికి డీడీ ఫ్రీ డిష్ ఉంది. ఒకసారి కొంటే రీఛార్జ్ ఉండదు. డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి వస్తాయి. తెలుగు వినోద ఛానళ్లన్నీ కావాలనుకునేవారికి మాత్రం ఇది చాలదు.

ఫైబర్ టీవీ. ఇంటర్నెట్ ఫైబర్ మీదే ఛానళ్లు ఇచ్చే పద్ధతి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి ఇంటర్నెట్, టీవీ, ఫోను కలిపి ఇచ్చింది. ప్రైవేటు కంపెనీలు కూడా ఇలాంటివి ఇస్తున్నాయి. బాక్సును రూటర్‌కు వైరుతో కలిపితే చక్కగా వస్తుంది. పై గదిలో రిపీటర్ మీద పెడితే బొమ్మ గళ్లు గళ్లుగా విరుగుతుంది. వేరే కంపెనీ మెష్ పెట్టే ముందు, ఆ మెష్ గుండా వాళ్ల టీవీ బాక్సు పనిచేస్తుందో లేదో అడగండి. కొన్ని బాక్సులు కంపెనీ ఇచ్చిన మోడెంకు (ఇంట్లోకి వచ్చే ఫైబర్ కలిసే పెట్టెకు) నేరుగా కలిపితేనే పనిచేస్తాయి. ఫైబర్ తెగితే ఇంటర్నెట్, టీవీ రెండూ ఒకేసారి పోతాయన్నది దీని బలహీనత.

ఓటీటీ మాత్రమే. పిల్లలు, ఉద్యోగాలు చేసేవారు ఉన్న ఇంట్లో ఇప్పుడు ఇదే ఎక్కువ. బాక్సుల గొడవ లేదు, ఇంటర్నెట్ చేరితే చాలు. అయితే ఒక్కో సేవకు తెరల పరిమితి ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ స్టాండర్డ్ ప్లానులో ఒకేసారి రెండు, ప్రీమియంలో నాలుగు. జియోహాట్‌స్టార్ సూపర్‌లో రెండు, ప్రీమియంలో నాలుగు. ప్రైమ్ వీడియో 2025 జనవరి నుంచి మన దేశంలో ఐదు పరికరాలకు అనుమతి ఇచ్చినా, వాటిలో టీవీలు రెండే ఉండాలంటుంది. మూడు టీవీల ఇంటికి ఇది నేరుగా తగిలే నిబంధన. క్రికెట్ చూసేవారికి ఇంకో సంగతి. ఓటీటీలో ప్రత్యక్ష ప్రసారం డిష్ కంటే కొన్ని సెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ వెనకబడుతుంది. హాల్లో డిష్, పై గదిలో ఓటీటీ ఉంటే కింద కేకలు వినపడ్డాకే పైన సిక్సర్ కనిపిస్తుంది. మ్యాచ్ చూసే టీవీలన్నీ ఒకే మార్గంలో ఉండేలా చూసుకోండి.

ఒకే బాక్సును రెండు టీవీలకు. హెచ్‌డీఎంఐ స్ప్లిట్టర్ పెట్టి, ల్యాన్ వైరు మీద హెచ్‌డీఎంఐ పంపే పరికరంతో రెండో గదికి చేర్చవచ్చు. రెండు టీవీల్లోనూ ఒకే ఛానల్ వస్తుంది. దుకాణాలకు, ఆసుపత్రి వరండాలకు సరే, ఇంట్లో గొడవలకు దారి.

## మీ ఇల్లు ఎలాంటిదైతే ఏది తీసుకోవాలి

ఇల్లు కడుతున్నవారు. మీకు ఉన్నంత సౌకర్యం ఇంకెవరికీ లేదు, దాన్ని వదులుకోకండి. స్లాబు పోసే ముందే, ప్లాస్టరింగ్ కాకముందే ఎలక్ట్రీషియన్‌తో కూర్చోండి. ప్రతి టీవీ గోడకూ, చదువుకునే బల్ల పక్కకూ 25 మిల్లీమీటర్ల పైపు విడిగా వేయించి, అన్నీ ఒకే చోటికి తెప్పించండి. ఆ చోటు మెట్ల కింద గానీ, హాల్లో గాలి ఆడే చిన్న అలమారా గానీ కావచ్చు, దగ్గర్లో ఇన్వర్టర్ లైను ప్లగ్గు ఉండాలి. వీధి స్తంభం నుంచి ఫైబర్ రావడానికి ఆ చోటికి ఒక పైపు, మేడ మీది డిష్ నుంచి ఇంకో పైపు. ఇప్పుడు వైరు వేయకపోయినా పైపులో నైలాన్ తాడు వదిలిపెట్టండి. ప్రతి అంతస్తులో హాలు పైకప్పుకు కూడా ఒక ల్యాన్ పాయింటు పెట్టిస్తే, రేపు అక్కడ వైఫై యాక్సెస్ పాయింటు (వైఫై పంచే పరికరం) బిగించవచ్చు, దానికి కరెంటు కూడా ల్యాన్ వైరు గుండానే ఇవ్వవచ్చు. మొత్తం ఇంటి ఖర్చులో ఈ పైపుల ఖర్చు లెక్కలోకి కూడా రాదు. తరవాత గోడలు కొట్టి, మళ్లీ రంగులు వేయించడంతో పోలిస్తే మరీ తక్కువ.

కట్టేసిన సొంత రెండంతస్తుల ఇల్లు. కింద నుంచి పైకి ఒక్క ల్యాన్ వైరు ఎలాగైనా చేర్చండి, మెట్ల పక్కన పట్టీలోనైనా సరే. పైన ఒక చిన్న స్విచ్, దానికి ఒక మెష్ పరికరం, పక్క గది టీవీకి ఒక వైరు. ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ రెండు వేల లోపే వస్తుంది. ఈ ఒక్క వైరుతో వచ్చే మార్పు ఏ ఖరీదైన మెష్‌తోనూ రాదు.

అద్దె ఇల్లు. గోడకు మేకు కొట్టాలన్నా యజమానిని అడగాలి. రెండు పరికరాల మెష్, టీవీలకు స్టిక్కులు తీసుకోండి, ఇల్లు మారితే సంచిలో పెట్టుకుని వెళ్లిపోవచ్చు. కేబుల్ కంటే ఓటీటీ మేలు. ఇంటర్నెట్ పెట్టేటప్పుడు సిబ్బంది తమకు సులువని గుమ్మం పక్కనే మోడెం బిగించి వెళ్తారు. ఇంటి మధ్యలో పెట్టమని అప్పుడే అడగండి, వైరు ఇంకో పది మీటర్లు లాగడం వాళ్లకు పెద్ద పని కాదు. ఆ ఒక్క మాటతో మెష్ అవసరమే లేకపోవచ్చు.

మైవాన్ ఫ్లాటు. బిల్డర్ ఇచ్చిన డేటా పాయింట్లు ఎక్కడున్నాయో కాగితం తీసుకోండి. చాలా ఫ్లాట్లలో హాల్లో, పడకగదుల్లో పాయింట్లు ఉంటాయి కానీ లోపల వైరు ఉండదు, లేదా రెండో చివర ఎక్కడో మూత కింద చుట్టి ఉంటుంది. అవి దొరికితే ల్యాన్. దొరకకపోతే మూడు బ్యాండ్ల మెష్‌ను తలుపులకు ఎదురుగా, వరండాలో పెట్టండి. సిగ్నల్ గోడ గుండా కాక గుమ్మం గుండా వెళ్లాలి.

ఊళ్లో ఒంటరిగా ఉన్న తల్లిదండ్రులు. హాల్లో కేబుల్ లేదా డిష్ అలాగే ఉంచండి. ఆపరేటర్ ఆ ఊరివాడే కాబట్టి పిలిస్తే వస్తాడు. పడకగది టీవీకి కూడా అదే రకం బాక్సు, అదే రకం రిమోట్ ఇవ్వండి. మీతో వీడియో కాల్ మాట్లాడటానికి మాత్రం రూటర్ కావాలి. దానికి 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి తగిలించండి, మోడెం వోల్టేజీతో సరిపోలేది చూసి కొనండి. ఇన్వర్టర్ ఉంటే దాని వెనక మీటను యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ క్షణకాలపు తెగింపుకే మోడెం ఆగి మళ్లీ మొదలవుతుంది, నాలుగైదు నిమిషాలు ఇంటర్నెట్ ఉండదు.

పై పోర్షన్ అద్దెకిచ్చినవారు. మీ వైఫై పాస్‌వర్డు వాళ్లకు ఇవ్వడం కంటే వాళ్లకు విడి కనెక్షన్ మేలు. మీ పేరున ఉన్న కనెక్షన్‌లో జరిగేదానికి మీరే జవాబుదారీ. ఇవ్వక తప్పకపోతే గెస్ట్ నెట్‌వర్క్ పెట్టి అదే ఇవ్వండి, అప్పుడు మీ టీవీలు, కెమెరాలు వాళ్ల ఫోన్లకు కనిపించవు.

## పని మొదలుపెట్టే వరుస

ముందు ఫోనుతో ప్రతి టీవీ గోడ దగ్గరా కొలవండి. తరవాత మోడెంను ఇంటి మధ్యకు జరిపించి మళ్లీ కొలవండి. అప్పటికీ చాలకపోతే గోడలో పాత పైపులున్నాయేమో చూడండి. ఉంటే ల్యాన్ వైరు, లేకపోతే మెష్. అది స్థిరపడ్డాక ఒక నెల ఓటీటీతోనే గడిపి, పడకగది బాక్సును నిజంగా ఎవరైనా వాడుతున్నారో లేదో గమనించండి. వాడనిదాన్ని రీఛార్జ్ చేయకండి. డబ్బు చెల్లించేది పని అయిన రోజు రాత్రి, ఇంట్లో అన్ని టీవీలూ ఒకేసారి పెట్టి, తలుపులు మూసి, ఒకసారి మెయిన్ స్విచ్ ఆపి ఇన్వర్టర్ మీద కూడా అన్నీ నడుస్తున్నాయని చూసుకున్నాకే.